పది పెట్టలకు ఏ మేత మేలు: నూకలా, లేయర్ మాషా, ఇంట్లో కలిపిన మేతా?

గుంటూరు, విజయవాడ పెరళ్లలో కోడి మేత అంటే ముందు గుర్తొచ్చేవి నూకలూ తవుడూ. చవక, ఏ మిల్లులోనైనా దొరుకుతాయి. లెక్క కడితే మాత్రం తేలిపోతాయి. రెండూ సగం సగం కలిపితే ప్రొటీన్ 10 శాతం దగ్గరే ఆగుతుంది. గుడ్ల మీదున్న పెట్ట రోజుకు తినేది సుమారు 110 గ్రాములు. దానికి 17, 18 గ్రాముల ప్రొటీన్ కావాలి, అందేది 11. సున్నం సంగతి ఇంకా అన్యాయం. ఒక్క పెంకుకే 2 గ్రాముల కాల్షియం పడుతుంది, నూకల్లో అది లేనట్టే. పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ముందు పెంకు పలచబడుతుంది, తర్వాత తోలుగుడ్లు, ఆపైన అసలు గుడ్లే ఉండవు. రోజంతా దొడ్లో తిరిగి పురుగులు ఏరుకునే నాటుకోడికి ఈ మేతతో గడిచిపోతుంది. గుడ్ల కోసం పెంచే గ్రామప్రియ రకాన్ని ప్రహరీ గోడల మధ్య పెట్టి ఇదే పోస్తే గుడ్లు ఆశించకండి.

లేయర్ మాష్ అంటే గుడ్ల కోళ్లకని తయారుచేసి బస్తాల్లో అమ్మే పొడి మేత. అందులో ప్రొటీన్ 16 నుంచి 18 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటాయి. పది పెట్టలకు 50 కిలోల బస్తా నెలన్నర వస్తుంది. అయితే కోళ్లు మొక్కజొన్న పలుకులు ఏరుకుని, అడుగున పొడి వదిలేస్తాయి. విటమిన్లు, ఖనిజాలు ఉండేది ఆ పొడిలోనే. దాన్ని పారబోయకుండా, పిడికిట్లో పట్టితే ముద్దై వదిలితే విడిపోయేంత నీళ్లు చిలకరించి పెట్టండి. గంటలో తినేంతే కలపాలి, మన ఎండలకు పులుస్తుంది. 18 వారాల్లోపు పిల్లలకు ఈ మాష్ వద్దు, ఎక్కువైన కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంట్లో కలిపేవారికి 10 కిలోల లెక్క: మొక్కజొన్న నూక 4.6 కిలోలు, సోయా చెక్క 2.2, బియ్యం నూకలు 1, తవుడు 1, గుల్ల పొడి 900 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 150, ఉప్పు 30, మిగతాది విటమిన్-ఖనిజ మిశ్రమం, అదీ ప్యాకెట్ మీది మోతాదు చూసుకుని. ప్రొటీన్ 16 శాతం వస్తుంది.

ఈ కలుపు చెడేది చెక్క దగ్గరే. సోయా బదులు చవగ్గా వచ్చిందని వేరుశనగ చెక్క వేస్తే, చెమ్మ తగిలినదానిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని తినేస్తుంది, ఉడకబెట్టినా పోదు. గుంటూరు చుట్టుపక్కల సులువుగా దొరికే పత్తి చెక్క ఇంకో తలనొప్పి: నిలవ ఉన్న గుడ్లలో సొన ఆకుపచ్చ మచ్చలు దేలుతుంది. మిర్చి యార్డు తాలు కాయలకూ బూజు భయమే. మంచి ఎండుమిర్చి పొడి చిటికెడు వేస్తే మాత్రం సొన ఎర్రబడుతుంది, కోడికి కారం తెలియదు లెండి.

ఇరవై లోపు పెట్టలకు మాషే మేలు. ఇంట్లో కలిపే శ్రమ కిట్టేది మంద పెద్దదైనప్పుడే. నూకలను సాయంత్రం గూటికి పిలవడానికి గుప్పెడు చల్లితే చాలు, అంతకు మించితే మాష్ బలం పలచనవుతుంది.

మేత ఏదైనా గుల్ల పలుకులు వేరే చిప్పలో పెట్టండి, పొడి కాదు, కందిబద్దంత పలుకులు. అవి కందనకాయలో నిలిచి, పెంకు తయారయ్యే రాత్రంతా మెల్లగా కరుగుతాయి. మే నెలలో వగర్చే కోడి మధ్యాహ్నం మేత ముట్టదు, అందుకే తెల్లారకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి పోయండి.