బుగ్గలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోర్సు: 5కి 3.5

మా బావది హిందూపురం, లారీ నడుపుతాడు. పాన్ మసాలా పడందే రాత్రి డ్రైవింగ్ సాగదాయనకి. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టక, పప్పులో కాస్త కారం తగిలినా మంటని కంచం నెట్టేస్తుంటే అక్క పోరు పడలేక బెంగళూరు వచ్చాడు, ఇక్కడ మారతహళ్లిలో మా ఇంటి దగ్గరి డెంటల్ క్లినిక్‌లో చూపించాం. పేరెందుకు లెండి.

డాక్టరమ్మకి మాత్రం ఫుల్ మార్కులు. పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య స్కేలు పెట్టి 22 మిల్లీమీటర్లని రాసుకున్నారు (మామూలుగా 35 పైనే ఉండాలి). బుగ్గ లోపలంతా తెల్లగా పాలిపోయి ఉంది, గ్లవుజు వేయించి నన్నూ తడమమన్నారు, వేలికి గట్టిగా తాళ్లలా తగిలాయి. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అట, అంటే నోటి లోపలి పొర కింద పీచు పట్టి గట్టిపడిపోవడం. క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న జబ్బు కాబట్టి అనుమానంగా ఉన్నచోట బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేశారు, షుగరూ బీపీ చూశాకే స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

డెక్సామెథసోన్ (ఇదే స్టెరాయిడ్), హయలురోనిడేజ్ (మందు లోపల బాగా పాకేలా చేసే ఎంజైమ్), మొద్దుబార్చే మందు కలిపి వారానికోసారి రెండు బుగ్గల్లోనూ అక్కడక్కడా గుచ్చుతారు. నొప్పి ఉంటుంది, అబద్ధం ఎందుకు. మంట మాత్రం నిజంగా తగ్గింది, కోర్సు సగంలోనే బావ ఆవకాయ అడిగాడు. నోరు తెరుచుకోవడం మాత్రం 28 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. స్టెరాయిడ్ మంటనీ వాపునీ తగ్గించి, కొత్తగా పీచు పట్టకుండా కొంత ఆపుతుందే తప్ప, ముందే గట్టిపడినదాన్ని పూర్తిగా కరిగించలేదు. ఈ మాట డాక్టరమ్మ చెప్పేసరికే రిసెప్షన్లో "పూర్తిగా నార్మల్ అయిపోతుంది సార్" అని ప్యాకేజీ డబ్బంతా కట్టించేసుకున్నారు! నోటి వ్యాయామం సంగతి కూడా నేనడిగేదాకా ఎవరూ ఎత్తలేదు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, మెల్లగా ఒక్కో పుల్ల పెంచుకుంటూ పోవాలి, రోజూ. ఇది మానేస్తే ఇంజెక్షన్ల డబ్బు దండగే. ఇప్పుడు సీరియల్ టైముకి అక్క పుల్లల కట్ట పట్టుకుని బావ పక్కన కూర్చుంటోంది.

"పొగాకు లేని వక్కపొడైతే పర్లేదుగా" అని బావ ఇంకా బేరాలాడుతున్నాడు. ఈ జబ్బుకి అసలు కారణం పాన్ మసాలాలో ఉండే వక్కే! పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చేసింది.

చేతిలో డబ్బు తక్కువుంటే ముందు విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలో కనుక్కోండి. ప్రైవేటుకే వెళ్తే ప్యాకేజీ వద్దు, ఏ వారానికావారం కడతామని చెప్పండి.