పెంపకందారు దగ్గర తేనెనా? సూపర్‌మార్కెట్ సీసానా?

నన్నడిగితే తేనెటీగలు పెంచేవాళ్ల దగ్గర నేరుగా కొనడమే మేలు, వాళ్లు మామూలుగా వడకట్టి సీసాలో పోస్తారంతే, పుప్పొడి, వాసన అలాగే ఉంటాయి, పూసే పూలని బట్టి రంగు, రుచి కూడా మారుతుంటాయి. సూపర్‌మార్కెట్ తేనె చాలావరకు వేడి చేసి బాగా ఫిల్టర్ చేసింది, అందుకే ఎప్పుడు కొన్నా ఒకటే రుచి, గడ్డకట్టడం కూడా ఆలస్యం.

అడుగున పేరుకుని పంటికింద గరగరలాడితే కల్తీ అనుకుని పారేస్తుంటారు, అయ్యో అలా చెయ్యకండి, అది గ్లూకోజ్ గడ్డకట్టడమే, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరిగిపోతుంది. నీళ్లలో చుక్క వేసి, కిందకి దిగితే అసలు తేనె అనే టెస్ట్ అస్సలు నమ్మొద్దు, చిక్కటి పాకం కూడా అలాగే కిందకి దిగుతుంది. అమ్మేవాళ్లు ఎవరో తెలియకపోతే మాత్రం లేబుల్ ఉన్న సీసానే నయం. ఏ తేనె అయినా ఏడాది లోపు పిల్లలకి నాకించొద్దు, ప్లీజ్.