పిల్లల ఫుట్‌బాల్ ‘జంప్ ట్రైనింగ్’ ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నారా? జాగ్రత్త, ముందు ఇది చదవండి

కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్న తల్లిదండ్రులకు ముఖ్యంగా చెబుతున్నాను. “12 వారాల్లో మీ పిల్లల జంప్ 8 అంగుళాలు పెంచుతాం, బ్యాలెన్స్ వస్తుంది, ఎత్తు కూడా పెరుగుతారు” అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు తిరుగుతున్నాయి. అలాంటి ప్యాకేజీ ఒకటి మా అమ్మాయికి తీసుకున్నాం. 18,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. ఇప్పుడు పాప మోకాలి నొప్పితో ఆట మానేసి కూర్చుంది. డబ్బు వెనక్కి రాలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు మారినా ఈ ప్యాకేజీల తీరు ఒకటే. గుర్తుపట్టడానికి ఏం చూడాలో చెబుతాను.

పాపకి పన్నెండేళ్లు. స్కూల్ టీమ్‌లో వింగ్‌లో, అంటే మైదానం అంచు వైపు, ఆడుతుంది. ఈ ఏడాది ఒక్కసారిగా పొడుగైంది. కార్నర్లప్పుడు బాల్ అందడం లేదని, మలుపు తిరిగేటప్పుడు తూలుతోందని తనే అనేది. ప్యాకేజీలో ఆదివారం క్లాసు, మిగతా రోజులకు యాప్‌లో వీడియోలు, ఇంటికి ఒక కిట్. కిట్‌లో గాలి నింపిన సగం బంతి లాంటి బ్యాలెన్స్ బోర్డు, ప్లైవుడ్ పెట్టె, చీలమండలకు కట్టుకునే బరువులు, నడుముకి కట్టే రబ్బరు తాడు ఉన్నాయి. పెట్టె అంచులు నున్నగా చెయ్యలేదు. ఎక్కబోయి కాలు జారితే ఆ అంచు నేరుగా ముంగాలికి తగులుతుంది. గ్రౌండ్‌లో చెప్తామన్న క్లాసు ఒక బిల్డింగ్ టెర్రస్ మీద, సిమెంటు నేల మీద పెట్టారు. పై నుంచి పలచటి మ్యాట్ పరిచారు, అంతే.

అసలు ప్రమాదం వాళ్లు చేయించిన పనిలో ఉంది. మొదటి వారం నుంచే పిల్లల చేత ఆ పెట్టె మీద నుంచి కిందికి దూకించి, నేల తగలగానే మళ్లీ పైకి ఎగరమన్నారు. రోజూ చెయ్యాలట. తర్వాతి వారాల్లో కాళ్లకు బరువులు కట్టి అదే. దీన్ని డెప్త్ జంప్ అంటారు. సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ ఏళ్ల తరబడి సాధన చేసి కాళ్లు గట్టిపడ్డ జంపింగ్ అథ్లెట్ల కోసం దిద్దిన పద్ధతి ఇది. అది కూడా పరిమితంగా, మధ్యలో విశ్రాంతి ఇస్తూ చేయించేవారు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు మొదటి వారంలోనే, రోజూ, సిమెంటు మీద చేయించడం ఏ లెక్కన చూసినా తప్పే. ఎలా దిగాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. మోకాలు వంచాలా, ఎంత వంచాలి, మోకాళ్లు లోపలికి ముడుచుకుపోతున్నాయా అని చూసినవాళ్లే లేరు. కోచ్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంది, కళ్లు దాని మీదే ఉన్నాయి.

కొన్ని వారాలకే పాప మెట్లు దిగేటప్పుడు ఆగడం మొదలుపెట్టింది. మోకాళ్ల మీద కూర్చోలేకపోయేది. మోకాలిచిప్పకి కాస్త కింద, కాలి ఎముక మీద చిన్న బొడిపె కనిపించింది, ముట్టుకుంటే అరిచింది. కోచ్‌కి చెబితే, “కండరం పెరుగుతోంది మేడమ్, నొప్పి ఉంటేనే రిజల్ట్” అన్నాడు. మీకు ఈ మాట ఎవరైనా చెబితే ఆ క్షణమే పిల్లని తీసుకుని ఇంటికి వచ్చేయండి.

ఆర్థోపెడిక్ డాక్టర్ చూసి ఆస్‌గుడ్ ష్లాటర్ అన్నారు. తొడ ముందున్న పెద్ద కండరం మోకాలిచిప్ప మీదుగా వచ్చి కాలి ఎముకకు అతుక్కునే చోట, పిల్లల్లో ఎముక ఇంకా గట్టిపడదు. అక్కడ గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పెరిగే మెత్తటి భాగం, ఉంటుంది. ఎగిరిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ కండరం ఆ మెత్తటి చోటునే లాగుతుంది. సుమారు 10 నుంచి 15 ఏళ్ల మధ్య, పొడుగు ఒక్కసారిగా పెరిగే దశలో, ఎముక ముందు సాగుతుంది. కండరం దాన్ని అందుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో గెంతుళ్లు మితిమీరితే వాపు, నొప్పి, బొడిపె. మడమ దగ్గర ఇలాగే వచ్చేదాన్ని సీవర్స్ అంటారు, ఫుట్‌బాల్ పిల్లల్లో అదీ ఎక్కువే. చాలామందికి ఎదుగుదల పూర్తయ్యేసరికి తగ్గిపోతుందని, కానీ అప్పటిదాకా నొప్పిని బట్టే ఆడాలని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు గెంతుళ్లు లేవు. ఐస్ పెడుతున్నాం, తొడ కండరం సాగదీసే వ్యాయామాలు చేయిస్తున్నాం.

అమ్మాయిలున్నవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వినండి. యుక్తవయసు వచ్చాక మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం, ఫుట్‌బాల్‌లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువసార్లు ఎదుటివాళ్లు తగలకుండానే తెగుతుంది. ఎగిరి దిగినప్పుడో, పరుగులో ఆగి తిరిగినప్పుడో మోకాలు లోపలికి ఒరిగితే చాలు. కాబట్టి జంప్ ట్రైనింగ్‌లో మొదట నేర్పాల్సింది దిగడం. చప్పుడు కాకుండా, మోకాళ్లు వంచి, మోకాలు పాదం వేళ్ల వరసలో ఉండేలా దిగాలి. అది వచ్చాకే ఎత్తు సంగతి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. ఈ పని సరిగ్గా చేయించే పద్ధతి ఉచితంగా దొరుకుతుంది. ఫిఫా వైద్య పరిశోధన కేంద్రం నార్వేలోని ఓస్లో, అమెరికాలోని శాంటా మోనికా నిపుణులతో కలిసి 2006లో ‘11 ప్లస్’ అనే వార్మప్ తయారుచేసింది. మొత్తం 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. పేరు కొట్టి వెతికితే బొమ్మలతో సహా దొరుకుతుంది. అందులో బ్యాలెన్స్ అంటే ఏం చేయిస్తారో చూడండి. బంతిని చేతుల్లో పట్టుకుని ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడాలి. అది వచ్చాక ఒంటికాలి మీదే ఉండి స్నేహితురాలితో బంతి విసురుకోవాలి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు మెల్లగా తోసుకుంటూ పడకుండా నిలబడాలి. ఫుట్‌బాల్‌లో షాట్ కొట్టిన ప్రతిసారీ ఒంటికాలి మీదే కదా ఉంటాం, అందుకే ఇది. గాలి బంతి బోర్డు అక్కర్లేదు. చీలమండ ముందే బెణికినవాళ్లకు వాబుల్ బోర్డు (అటూ ఇటూ ఊగే పలక) మీద సాధన ఉపయోగపడుతుంది, కానీ ఫిజియో పక్కనుండి చేయించాలి. దాని మీదకి ఎక్కి గెంతమనడం ఎక్కడా లేదు.

జంప్‌లు కూడా అంతే. మొదట నిలబడ్డ చోటే పైకి, తర్వాత పక్కలకు ఒంటికాలితో మీటరు దూరం, చివరి మెట్టు ‘బాక్స్ జంప్’. పేరు చూసి పెట్టె కొనుక్కోవాలేమో అనుకుంటారు. పెట్టె లేదు! నేల మీద ఒక కూడిక గుర్తు (+) గీసి ఉన్నట్టు ఊహించుకుని ముందుకి, వెనక్కి, పక్కకి, ఐమూలకి గెంతడమే. మాకు అంటగట్టిన ప్లైవుడ్ పెట్టెకి ఇందులో చోటే లేదు.

ఇది పనిచేస్తుందా అంటే, నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద 125 క్లబ్బుల్లో, 1,892 మందితో పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈ వార్మప్ చేసినవాళ్లలో మొత్తం గాయాలు మూడో వంతు వరకు, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయి. ఇంకా చిన్నపిల్లలకు ‘11 ప్లస్ కిడ్స్’ వేరే ఉంది. అందులో 7 వ్యాయామాలు, పడినప్పుడు దెబ్బ తగలకుండా ఎలా దొర్లాలో కూడా నేర్పుతారు. 2018లో వచ్చిన నాలుగు యూరప్ దేశాల అధ్యయనంలో అది చేసిన పిల్లల గాయాలు 48 శాతం తగ్గాయి.

గెంతడం పిల్లలకు చెడ్డదని నేను అనడం లేదు. గడ్డి మీద, తక్కువ ఎత్తులో, వారానికి రెండుసార్లు, మధ్యలో రెండు రోజులు ఖాళీ ఇచ్చి, చూసే మనిషి ఉంటే మంచిదే.

ఇక ఆ 8 అంగుళాల కథ. చేరిన రోజు పాపని వార్మప్ లేకుండా, చేతులు నడుం మీద పెట్టించి ఎగిరించి కొలిచారు. పాత బ్యాచ్ పిల్లల ‘రిజల్ట్’ వీడియోల్లో చూస్తే చేతులు బలంగా ఊపి, రెండడుగులు పరిగెత్తి వచ్చి ఎగురుతున్నారు. అలా చేస్తే ఏ ట్రైనింగూ లేకుండానే ఎక్కువ ఎగురుతారు. పైగా ఎదిగే పిల్లల జంప్ కొన్ని నెలల్లో దానంతటదే కొంత పెరుగుతుంది. గెంతితే ఒడ్డూ పొడుగూ పెరుగుతారన్నది పచ్చి అబద్ధం, ఎత్తు ఎక్కువగా వంశాన్ని బట్టి, ఆపై తిండిని, నిద్రని బట్టి వస్తుంది.

డబ్బు కట్టేముందు ఒక క్లాసు అంచున కూర్చుని చూడనివ్వమనండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. కోచ్‌కి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) లైసెన్సు ఉందా, పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా ఉందా, సర్టిఫికెట్ చూపించమనండి. పిల్ల వయసు, ఈ ఏడాది ఎంత పొడుగైంది, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని వాళ్లు మిమ్మల్ని అడగాలి. మమ్మల్ని అడిగింది యూపీఐ నంబరు ఒక్కటే. నేల ఏమిటో మీ కాలితో మీరే తొక్కి చూడండి. మొత్తం ఒకేసారి కట్టకండి, నెలనెలా కడతామనండి. ఇచ్చిన హామీలు మాటల్లో వద్దు, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు ‘నో రిఫండ్’ అని రసీదు మీద ఉందని ఊరుకోవద్దు. తప్పుడు ప్రకటన, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అన్నవి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. మొదట లిఖితపూర్వకంగా రిఫండ్ అడగండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ప్రకటన వీడియో, రసీదు, చాట్‌లు, డాక్టర్ రాసిచ్చిన కాగితాలు అన్నీ దాచుకోండి. ఆ వీడియోలు వాళ్లు తీసేస్తారు, ఈరోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

పిల్లల మోకాలి కింద గానీ మడమ దగ్గర గానీ నొప్పి అంటే గెంతుళ్లు ఆపించి డాక్టర్‌కి చూపించండి. మా ఏరియాలో ఇలాంటి ప్యాకేజీకే కట్టి నష్టపోయినవాళ్లు ఉంటే కింద రాయండి. నలుగురం కలిసి ఫిర్యాదు చేస్తే బలం ఉంటుంది, మా కాగితాలు ఎలా రాశామో పంపిస్తాను.