ఫోటోరెక్: ఫొటోలు వచ్చాయి, పేర్లు పోయాయి

షిఫ్ట్ డిలీట్ కొట్టేసి రెండేళ్ల ఫొటోలు పోగొట్టుకున్నాక డిలీటైన ఫైళ్లను వెనక్కి తెచ్చే ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ వాడాను. ఉచితం, ఓపెన్ సోర్స్. తెరిస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతా బాణం కీలతోనే, కాస్త టెన్షన్ పెట్టింది. ఇది ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైల్ ఏ పేరుతో ఎక్కడుందో డిస్క్‌లో రాసి ఉండే పట్టీని, పట్టించుకోదు, జేపెగ్ ఫొటో అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది కదా, అలాంటి గుర్తులు వెతుక్కుంటూ డిస్క్ మొత్తం జల్లెడ పట్టి ఫైళ్లను బయటికి లాగుతుంది. అందుకే ఫొటోలు చాలావరకు దొరికాయి గానీ పేర్లు, ఫోల్డర్లు గల్లంతు. పాప ఫొటోల మధ్య బ్రౌజర్ దాచుకున్న చిల్లర బొమ్మలు కూడా వచ్చిపడ్డాయి, ఏరుకోవడానికే రెండు రాత్రులు పట్టింది. దొరికినవాటిని మాత్రం అదే డిస్క్‌లో సేవ్ చేయకండి, ఇంకా దొరకనివి చెరిగిపోతాయి. నాది పాత హార్డ్ డిస్క్ కాబట్టి బతికిపోయాను, డిలీటైన ఫైళ్ల చోటును ఖాళీ చేసుకోమని డ్రైవ్‌కు చెప్పే ట్రిమ్ పనిచేసేసిన ఎస్ఎస్‌డీ అయితే ఇదీ చేతులెత్తేస్తుంది.