మూడేళ్లుగా వాడుతున్న 1 ఆంపియర్ బైకు బ్యాటరీ ఛార్జర్

నా ఉద్యోగం హైదరాబాదులో, బండి విజయవాడలోని ఇంట్లో. మూడు వారాలకోసారి నడిచే 350 సీసీ బండి బ్యాటరీ ఏ గతి పడుతుందో 2023 సంక్రాంతికి తెలిసింది. సెల్ఫ్ నొక్కితే రిలే టకటకలాడడం తప్ప ఇంజను కదల్లేదు, కిక్ రాడ్డు లేని బండి కావడంతో పండుగ పూట వీధి చివరిదాకా తోయవలసి వచ్చింది. మల్టీమీటరు 10.6 వోల్టులు చూపింది. ఆ బ్యాటరీ కొన్నది పద్దెనిమిది నెలల క్రితమే.

కొత్త బ్యాటరీతోపాటు కొన్న 1 ఆంపియర్ ఆటోమేటిక్ ఛార్జర్ గురించే ఈ సమీక్ష.

అంతకుముందు మా నాన్నగారు ప్రతి ఆదివారం బండి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి, ఆపేసేవారు. బ్యాటరీ ఛార్జ్ అవుతుందని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే నాదీ అదే. కొత్త బ్యాటరీ పెట్టాక ఒకసారి కొలిచి చూశాను: స్టార్ట్ చేసే ముందు 12.62, ఆపి గంటసేపు వదిలేశాక 12.55. సెల్ఫ్ లాగేసిన కరెంటు ఐడ్లింగ్‌లో తిరిగి రాదు. పైగా 2017 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు హెడ్‌లైటు ఇంజనుతోపాటే వెలుగుతుంది, ఆర్పే వీల్లేదు. 55 వాట్ల బల్బు ఒక్కటే నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది.

అసలు దొంగ మాత్రం నేను తగిలించిన జీపీఎస్ ట్రాకర్. అది లాగేది 15 మిల్లీ ఆంపియర్లే అయినా, రోజుకు 0.36 చొప్పున మూడు వారాల్లో దాదాపు ఏడున్నర ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. నా బ్యాటరీ సామర్థ్యమే ఎనిమిది. అలా ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, బెజవాడ ఎండలు ఆ పనిని మరింత తొందర చేస్తాయి.

ఛార్జర్ కరెంటు ఎక్కించే తీరుకు వంక పెట్టను. 14.4 వోల్టుల దాకా ఎక్కించి, కరెంటు తగ్గాక 13.6కు దిగి అక్కడే నిలకడగా ఉంటుంది కనుక వారాల తరబడి తగిలించి ఉంచినా బ్యాటరీ వేడెక్కలేదు. ఎక్కువ కరెంటు ఎక్కించే కారు ఛార్జర్లతో ఈ ధైర్యం చేయకూడదు. ఎనిమిది ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 0.8 నుంచి ఒక ఆంపియర్ చాలు. మూడేళ్ల తర్వాత కూడా, ఛార్జర్ తీసేసిన మర్నాడు 12.74 వోల్టులు చూపుతోంది.

పాడైన బ్యాటరీని బాగుచేస్తుందంటూ పెట్టె మీద గొప్పగా రాసిన రిపేర్ మోడ్ మాత్రం నాకు ఉపయోగపడలేదు. పాత బ్యాటరీని రెండు రోజులు దానికి అప్పగిస్తే 12.5కు చేరింది, తీరా సెల్ఫ్ నొక్కగానే ఎనిమిదికి పడిపోయింది. మొసలి క్లిప్పులు కూడా వదులు. వాటిని పక్కన పెట్టి, ఫ్యూజు ఉన్న రింగు కేబులును టెర్మినళ్లకు బిగించి, కొసను సైడ్ ప్యానెల్ కింద నుంచి బయటికి తీశాను. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్, విప్పేటప్పుడు ముందు మైనస్.

అన్నిటికన్నా పెద్ద లోపం, కరెంటు పోయి వస్తే ఇది తిరిగి పని మొదలుపెట్టకపోవడం. ఎవరో వచ్చి మీట నొక్కే వరకు నారింజ దీపంతో ఊరికే కూర్చుంటుంది. నిరుడు మే నెలలో ఇలా పది రోజులు గడిచిపోయాయి. ఇప్పుడు దాన్ని ఇన్వర్టరు లైనులోని ప్లగ్గుకు మార్చాను. నాన్నగారు ఆదివారం స్టార్ట్ చేయడం మానేసి, పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసి ఫోను చేస్తున్నారు.