ధోలావీరా, లోథల్ యాత్ర: నీటిని దాచుకున్న నగరం పక్కన నీళ్ళు లేని బస

2021 జూలైలో మన రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రెండు రోజులకే గుజరాత్ కచ్ఛ్ ప్రాంతంలోని సింధు నాగరికత నాటి నగరం ధోలావీరా కూడా అందులో చేరింది. రామప్పను చూసిన తెలుగువారు ఎందరో ఉన్నారు గానీ, ధోలావీరా దాకా వెళ్ళినవారు నా ఎరుకలో చాలా తక్కువ. వెళ్ళదలచినవారికి ఆ నగరం గురించి ఎంత ఉత్సాహంగా చెప్పాలనిపిస్తోందో, అక్కడ మాకు దొరికిన బస గురించి అంత గట్టిగా హెచ్చరించాలని కూడా అనిపిస్తోంది.

నాతో వచ్చినవారు మా అక్క, బావగారు. బావగారు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. సింధు నాగరికత పాఠాన్ని ఏటా చెప్పినా, ఆ నేల మీద కాలు పెట్టడం ఆయనకు ఇదే మొదలు. అక్కకు మోకాళ్ళ నొప్పులు. ప్రయాణం ఎంత దూరమైనా ఓర్చుకుంటుంది గానీ రాత్రి పడకా, తెల్లవారి వేణ్ణీళ్ళూ సరిగా ఉండాలంటుంది.

సింధు నాగరికతకే చెందిన లోథల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అహ్మదాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, కారుకు పోనూ రానూ 3,200 రూపాయలు. 1955 నుంచి పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో బయటపడిన, కాల్చిన ఇటుకలతో కట్టిన 200 మీటర్లకు పైగా పొడవున్న తొట్టి ఇక్కడి ప్రధాన ఆకర్షణ. ఆయన దానిని ఓడల రేవుగా గుర్తించారు. కాదు, అది నీటి తొట్టి మాత్రమేనని వాదించిన పండితులూ ఉన్నారు. పర్షియన్ గల్ఫ్ తరహా ముద్ర ఒకటి ఇక్కడే దొరికిందని తెలిసినప్పుడు మాత్రం ఎవరికైనా రేవు వాదమే రుచిస్తుంది. ఒక పూట చాలు. పురావస్తు శాఖ ప్రదర్శనశాలలకు సాధారణంగా శుక్రవారం సెలవు కనుక ఆ రోజు తప్పించి వెళ్ళండి.

భుజ్ నుంచి ధోలావీరాకు కారు రోజుకు 4,500 చొప్పున మాట్లాడుకున్నాం. ఖావ్డా మీదుగా రణ్ అనే ఉప్పు ఎడారిని నిలువునా చీల్చుకుంటూ వేసిన కొత్త రోడ్డు ఉన్నందున, రాపర్ చుట్టూ తిరిగి వెళ్ళే పాత ప్రయాణం తప్పింది. ఇరువైపులా కనుచూపు మేర తెల్లటి ఉప్పు పరచుకుని ఉన్న ఆ దారిలో అక్క మాటిమాటికీ కారు ఆపించి దిగింది. ఆ రోజుకు ఆమె సంతోషం అంతటితో సరి, ఎందుకంటే సాయంత్రానికి మేము బసకు చేరాం.

ఆ బస పేరు రాయను. గదికి 4,800 రూపాయలు, రెండు గదులకు 9,600, మొత్తం ముందుగానే కట్టించుకున్నారు. కచ్ఛ్ పల్లెల్లోని గుండ్రటి మట్టి ఇళ్ళను భుంగాలంటారు. అటువంటి భుంగాలో ఉంచుతామని, రేయింబవళ్ళు వేడినీళ్ళు ఉంటాయని, రాత్రి జానపద సంగీతం ఉంటుందని ఫోనులో చెప్పారు. తీరా చూస్తే అది గుండ్రంగా పోసిన సిమెంటు గది. పైన గడ్డి కప్పు అలంకారానికే, దాని కింద ఉన్నది రేకు. పగటి వేడి అంతా ఆ రేకు కింద నిలిచిపోయింది. సంగీతం జరగలేదు, అయినా బిల్లులో దాని కింద 600 వేశారు. అడిగితే కళాకారులు రాలేదన్నారు. రాని కళాకారులకు మేమెందుకు చెల్లించాలని బావగారు చాలాసేపు వాదించాక ఆ మొత్తం కొట్టేశారు.

అసలు కష్టం తెల్లవారుజామున మొదలైంది. కుళాయిలో చుక్క నీరు లేదు. ట్యాంకరు రాలేదని, తొమ్మిదింటి దాకా ఆగాలని మేనేజరు తాపీగా చెప్పి, గదికి రెండు నీళ్ళ సీసాలు పంపించాడు. స్నానం లేక, కాలు కదపలేక మంచం మీదే కూర్చున్న అక్కను చూసి నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎండిపోయే నేలలో నీళ్ళకు కటకట ఉండటం తప్పు కాదు. ఉందని ముందే చెప్పకుండా రేయింబవళ్ళు వేడినీళ్ళని నమ్మబలికి డబ్బు తీసుకోవడం మోసం. సగం సొమ్మైనా వెనక్కి ఇవ్వమని అడిగితే, నిబంధనలు ఒప్పుకోవన్నారు.

ఆ మనఃస్థితిలోనే నగరంలోకి అడుగు పెట్టాం. 500 రూపాయలకు మాట్లాడుకున్న గైడు ఆ ఊరివాడే. తవ్వకాల్లో కూలికి వెళ్ళిన తండ్రి దగ్గర ప్రతి గోడ కథా నేర్చుకున్నానని చెప్పాడు. అతను మమ్మల్ని కోటకు కాకుండా మొదట తూర్పు జలాశయం అంచుకు తీసుకువెళ్ళాడు. సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు, దిగడానికి రాతి మెట్లు. బావగారు ఆ అంచున నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.

ధోలావీరాను అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఇప్పుడు నాకు దృఢంగా అనిపిస్తోంది. ఈ నగరానికి జీవనది లేదు. ఉత్తరాన మన్‌సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులు వానాకాలంలో మాత్రమే పారతాయి. వాటికి అడ్డుకట్టలు కట్టి, ఆ నీటిని నగరం చుట్టూ తవ్విన జలాశయాల వరుసలోకి మళ్ళించారు. కొన్నింటిని రాతినే తొలిచి చేశారు. కోటలో కురిసిన వాననీరు కూడా వృథా పోకుండా, మనిషి నడవగలిగినంత ఎత్తైన కాలువలు వేశారు. కోటలోని బావి ఒరలో తాళ్ళ ఒరిపిడికి అరిగిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. మొహెంజొదారో, హరప్పా ఇటుక నగరాలైతే ఇక్కడ రాయిదే రాజ్యం.

ఉత్తర ద్వారం దగ్గర పది పెద్ద గుర్తులతో కూడిన ఫలకం దొరికిన చోటును గైడు చూపించాడు. చెక్క పలక శిథిలమైపోగా, తెల్లటి జిప్సం ముక్కలతో పొదిగిన అక్షరాలే మిగిలాయి. వాటిని ఇంతవరకు ఎవరూ నిర్ధారణగా చదవలేకపోయారు. అక్కడ బావగారికి మాట వచ్చింది. గిజాలో పిరమిడ్లు లేచిన కాలానికే ఈ నగరం నిండుగా ఉందని, మెసొపొటేమియాలోని అక్కద్ రాజు సార్గోన్ మెలుహ్హా ఓడలు తన రేవులో లంగరు వేశాయని గొప్పగా చెప్పుకున్నాడని, ఆ మెలుహ్హా సింధు ప్రాంతమేనని చాలామంది పండితులు భావిస్తారని ఆయన తరగతిలో చెప్పినట్టే చెప్పుకుపోయారు. ఇక్కడ రాజుల భారీ సమాధులు గానీ, విజయాలు చాటే శిలాఫలకాలు గానీ లేవని, మిగిలిన పెద్ద కట్టడాల్లో ముఖ్యమైనవి నీళ్ళకోసం కట్టినవేనని ఆయన అన్నప్పుడు, అక్క తన మోకాళ్ళ సంగతి మరచి జలాశయం మెట్లు కొన్ని దిగింది.

1967-68లో పురావస్తు శాస్త్రవేత్త జగత్‌పతి జోషి గుర్తించిన ఈ స్థలంలో 1990 నుంచి మరో పురావస్తు శాస్త్రవేత్త ఆర్.ఎస్. బిష్ట్ తవ్వకాలు జరిపి, నగర జీవితంలో ఏడు దశలను గుర్తించారు. క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదలై క్రీ.పూ. 1500 నాటికి ముగిసిన ఆ కథలో నన్ను బాగా కదిలించింది చివరి దశే. మహానగరం పాడుబడిన తరువాత మళ్ళీ వచ్చి చేరినవారు, పాత ప్రణాళికను పట్టించుకోకుండా గుండ్రటి ఇళ్ళు కట్టుకున్నారు.

మధ్యాహ్నం గైడు తన బంధువుల ఇంట్లో భోజనం పెట్టించాడు. మట్టి గోడలు, అద్దపు ముక్కలు పొదిగిన లోపలి అలంకారం, పైన గడ్డి కప్పు: అది అసలైన భుంగా. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. 2001 భూకంపంలో కచ్ఛ్‌లో ఎన్నో కట్టడాలు కూలినా, బాగా కట్టిన భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. సజ్జ రొట్టెలు, వెన్న, వెల్లుల్లి కారం, కిచిడీ, కఢీ, లోటాల నిండా మజ్జిగ. మనిషికి 150 రూపాయలు. చేతులు కడుక్కోవడానికి ఆ ఇంటి ఇల్లాలు చెంబుతో నీళ్ళు పోస్తూ, ఒక్క చుక్క కూడా వృథా పోకుండా పాదు వేసిన మొక్క మీద పడేలా మమ్మల్ని నిలబెట్టింది. అక్క ఆమెను వదిలి రాలేక, వంట పాత్రల దగ్గరే గంటసేపు కూర్చుంది.

వెళ్ళేవారికి నా సలహాలు ఇవి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలే వెళ్ళండి. గైడు లేకుండా తిరిగితే అవి రాళ్ళ గుట్టల్లాగే కనిపిస్తాయి, కనుక ఆ 500 దగ్గర వెనకాడవద్దు. ఊళ్ళోవారి ఇళ్ళలో బస దొరుకుతుందేమో ముందుగా విచారించండి. రిసార్టులో దిగక తప్పదంటే, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి, అదీ పూర్తి సొమ్ము మాత్రం కట్టవద్దు. తిరుగు ప్రయాణంలో భుజ్‌లో భూకంప మృతుల స్మారకంగా నిర్మించిన స్మృతివన్‌కు ఒక పూట కేటాయించండి. అది 2022లో తెరిచారు, కొండ మీద ఉంది, కనుక ఎండ తగ్గాక ఎక్కడం మంచిది.