స్టాండు కోసం పాత బ్యాండ్ సా కొంటున్నారా? షూ స్క్రూలు విప్పి చూడకుండా డబ్బు ఇవ్వకండి

మొన్న సాయంత్రం జరిగింది. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి వరుస తప్పితే మన్నించండి. పాత పనిముట్లు కొనే మనలో చాలామందికి తెలిసిన మనిషి దగ్గరే కొన్నాను. డ్రిల్లులు, గ్రైండర్లు, రంపాలు బాగుచేసి అమ్ముతుంటాడు. పేరు రాయను. ఎవరి గురించో కొందరికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

ఇనుము కోసే చేతి బ్యాండ్ సాను (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడు ఉన్న కరెంటు రంపం) నిలువుగా నిలబెట్టి వాడుకోవడానికి ఇంట్లోనే స్టాండు చేసుకుంటున్నాను. కొత్త రంపం కొనే స్తోమత లేదు. నెలల తరబడి కూడబెట్టి పాతది కొన్నాను. స్టాండుకు నాలుగు ఆదివారాలు పట్టింది. 40 మి.మీ. చదరపు పైపుతో కాళ్ళు, పైన 6 మి.మీ. ఇనుప ప్లేటు, అందులో బ్లేడు దూరడానికి 3 మి.మీ. చీలిక. ఆ చీలిక అంచులను ఆకురాయితో నున్నగా రుద్దడానికే ఒక పూట గడిచిపోయింది. ప్లేటు మీద మూలమట్టం పెట్టి చూస్తే దానికీ బ్లేడుకూ మధ్య వెంట్రుక మందం సందు కూడా కనిపించలేదు. ఎంత సంతోషపడ్డానో!

ఈ రంపాన్ని చేత్తో వాడేటప్పుడు ముందుభాగంలో ఒక షూ ఉంటుంది కదా, కోసే ముక్క దానికే ఆనుతుంది. బ్లేడు పళ్ళు ముక్కను ఆ షూ వైపే లాగుతాయి. స్టాండు మీద పెట్టేటప్పుడు ఆ షూ తీసేసి, అవే రంధ్రాల్లో స్క్రూలు వేసి ప్లేటును బిగిస్తాం. అంటే బ్లేడు లాగే బలమంతా ఆ రెండు స్క్రూల మీదే పడుతుంది. అవి పట్టుకునేది రంపం ఒంటికి, అది అల్యూమినియం పోత. ఉక్కు స్క్రూను ఒకటికి రెండుసార్లు గట్టిగా బిగిస్తే చాలు, అల్యూమినియంలో మర, అంటే స్క్రూ పట్టుకునే చాళ్ళు, అరిగిపోతుంది. ఈ సంగతి ఆ అమ్మకందారుకు నాకంటే బాగా తెలుసు.

కొనేటప్పుడు దాచకుండా చెప్పాను, ఇది స్టాండు కోసమేనని. ప్లేటు కొలతల కాగితం కూడా తీసి చూపించాను. "స్టాండుకేనా తమ్ముడూ? అయితే దీన్ని మించింది నీకు దొరకదు" అన్నాడు. ఆ కాగితం చేతిలోకి తీసుకుని, స్క్రూలు వచ్చేచోట వేలు పెట్టి, "ఇక్కడే బిగించుకో" అని కూడా చెప్పాడు. రంపం ఆన్ చేసి చేత్తో పట్టుకుని ఒక కడ్డీ కోసి చూపించాడు. చక్కగా కోసింది. నేను చక్రాల మీది రబ్బరు చూశాను, గైడు బేరింగులు తిప్పి చూశాను, కార్బన్ బ్రష్షులు చూశాను. ఆ రెండు స్క్రూలు మాత్రం విప్పలేదు. వాటి చుట్టూ కొత్తగా నల్లరంగు వేసి ఉంది. రంపం మొత్తం మీద అక్కడే రంగు కొత్తగా ఉందని నా కళ్ళు చూశాయి. శ్రద్ధగల మనిషి, తుప్పు పట్టకుండా వేశాడు అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

ఇంటికి వచ్చి షూ తీసినప్పుడైనా తెలుసుకోవలసింది. స్క్రూలు చేతి వేళ్ళతో తిప్పినంత సులువుగా వచ్చేశాయి. వాటి చివర బూడిదరంగు పొడి అంటుకుని ఉంది. పాత లోహపు పొడి అనుకుని గుడ్డతో తుడిచేసి, ప్లేటు పెట్టి బిగించాను.

మొదట రెండు సన్నని కడ్డీలు కోశాను, ఏ ఇబ్బందీ లేదు. తర్వాత 5 మి.మీ. మందం ఉన్న యాంగిల్ ముక్క పెట్టాను. సగం కోత అయ్యేసరికి ప్లేటు ముందు అంచు కాస్త కిందికి వంగినట్టు అనిపించింది. తల వంచి చూసేలోపే ఠాప్‌మని చప్పుడు. ప్లేటు ఒక పక్కకు ఒరిగింది, బ్లేడు చీలికలో ఇరుక్కుని మెలితిరిగి తెగింది. నా ఎడమ చేయి దానికి జానెడు దూరంలో ఉంది. కాలితో నొక్కే స్విచ్చి పెట్టుకున్నాను కాబట్టి, ఉలిక్కిపడి కాలు తీయగానే రంపం ఆగిపోయింది. ట్రిగ్గర్‌ను పట్టీతో కట్టేసి గోడ స్విచ్చితోనే నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

విప్పి చూస్తే ఒక స్క్రూ అలాగే ఊడి వచ్చింది. దానికి బఠానీ గింజంత బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది, ముద్ద మీద మర చాళ్ళు అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి. ఎపాక్సీ ముద్ద, అంటే కలిపి పెడితే గట్టిపడే జిగురు ముద్ద! అరిగిపోయిన రంధ్రంలో దాన్ని కూరి, అది గట్టిపడ్డాక మర పట్టి, స్క్రూ బిగించి, పైన రంగు పూశాడు. చేత్తో కడ్డీ కోసి చూపించడానికి ఆ ముద్ద సరిపోతుంది, ప్లేటు బరువునూ కోత బలాన్నీ ఎంతసేపు మోస్తుంది? ఒక పక్క ముద్ద వదిలేయగానే భారమంతా రెండో స్క్రూ మీద పడి, అక్కడ పోత అంచే విరిగింది.

వెంటనే ఫోను చేశాను. మొదట గుర్తుపట్టనే లేదు. "ఏ రంపమండీ? మీరెవరు?" అన్నాడు. కొనే రోజున తమ్ముణ్ణి, మూడు వారాలకే ఎవరినో అయిపోయాను. గుర్తుచేశాను. స్క్రూ ఊడి వచ్చింది, ప్లేటు ఒరిగింది అని మాత్రమే చెప్పాను. ముద్ద మాట నేను ఇంకా ఎత్తనే లేదు. అవతల ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆ ముద్ద అప్పుడే ఊడిపోయిందా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. రంపం పాడైనందుకు కాదు, డబ్బు పోయినందుకూ కాదు. ఈ మనిషికి అన్నీ తెలుసు. నా కాగితం మీద వేలు పెట్టి ఇక్కడే బిగించుకో అన్నప్పుడు ఆ వేలి కింద ఉన్నది తాను కూరిన ముద్దేనని తెలుసు. దాని ముందు నా చేతులు ఉంటాయనీ తెలుసు. తెలిసే అన్నాడు.

నేను తేరుకుని అడిగేసరికి గొంతు మారిపోయింది. "అది చేత్తో పట్టుకుని కోసుకునే యంత్రం. బల్లకు బిగించి పాడుచేసుకున్నది మీరు. బ్లేడు కూడా తప్పుది వేసి ఉంటారు" అన్నాడు. నేను వేసింది అంగుళానికి 18 పళ్ళ బ్లేడు. 5 మి.మీ. మందంలో ఎప్పుడూ మూడు పళ్ళకు తగ్గకుండా ఆనుతాయి, అలా ఆనాలనే లెక్క చూసి వేశాను. అదే చెప్పబోతుంటే ఫోను పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. రసీదు లేదు, మాట మీద నమ్మి చేతికి డబ్బు ఇచ్చాను.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటి ఉంది. మర పోయిందని ఒక్క మాట చెప్పి ఉంటే అదే రంపాన్ని అదే ధరకు కొనేవాణ్ణి. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, మర పట్టి, అందులో ఉక్కు తీగచుట్ట దింపితే అల్యూమినియంలో అసలు మర కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఒక పూట పని. ఇప్పుడు పోతే విరిగింది కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

మీరు కొనబోతుంటే షూ స్క్రూలు మీ చేతులతో విప్పి వాటి చివర చూడండి, రంధ్రంలోకి లైటు వేసి చూడండి. లోపల లోహం మెరవాలి. బూడిదరంగు పొడి రాలినా, అక్కడ మాత్రమే కొత్త రంగు కనిపించినా అనుమానించండి. విప్పవద్దు అంటే వెనక్కి వచ్చేయండి. స్టాండుకు కాలి స్విచ్చి తప్పకుండా పెట్టుకోండి, రంపం తీసుకునే విద్యుత్తును తట్టుకునేది చూసి కొనండి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయండి.

ఇలాంటి రంపానికి ముందువైపు పోత భాగం విడిగా దొరుకుతుందా? ఎవరైనా మార్పించుకుని ఉంటే దయచేసి చెప్పండి. విరిగిన ముక్క దాచి ఉంచాను, కొలతలు కావాలంటే ఇస్తాను.